ఆ ఐదు శాతం ఎక్కడిది?

ఖమ్మం నుంచి ఒక తాతయ్య రాసిన ఉత్తరం, కొంచెం కుదించి:

"నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పెద్దబ్బాయి కుటుంబం అమెరికాలో, నార్త్ కరోలినాలో ఉంటుంది. కిందటేడు మనవరాలి పదమూడో పుట్టినరోజుకి వాడు డీఎన్‌ఏ పరీక్ష పెట్టె తెప్పించి పిల్లతో చేయించాడు. 86 శాతం దక్షిణ భారతం, 9 శాతం ఉత్తర భారతం, 5 శాతం మధ్య ఆసియా అని వచ్చింది. ఆ ఫలితాన్ని మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మా బావమరిది వెంటనే 'మనది ఆర్య రక్తమని నేను ఎప్పటినుంచో చెబుతున్నాను, మన ఇంట్లో ఆ రంగు, ఆ ముక్కు ఊరికే రాలేదు' అని రాశాడు. ఇంకొకరు మా చిన్నబ్బాయి కూతురిని ఉద్దేశించి 'ఆ ఐదు శాతం దీనికి అందినట్టు లేదు' అన్నారు. ఆ పిల్ల కాస్త నలుపు. ఇక్కడే డిగ్రీ చదువుతోంది. ఆ రాత్రే గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

అమెరికా మనవరాలేమో వీడియో కాల్‌లో 'తాతయ్యా, ఇంతకీ మనం ఎవరం? బడి ఫారంలో ఏషియన్ అని టిక్కు పెడతాను. చైనా పిల్లలు నువ్వు ఏషియన్ కాదంటారు. ఈ రిపోర్టు ఇంకోటి అంటోంది' అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు మా అబ్బాయి నన్నూ, మధిరలో ఉంటున్న 84 ఏళ్ళ మా అక్కయ్యనీ పరీక్ష చేయించుకోమంటున్నాడు. పెద్దవాళ్ళవి ఉంటే ఫలితం ఇంకా బాగా తేలుతుందట. వాడు వచ్చినప్పుడు తెచ్చిన పెట్టెలు రెండూ బీరువాలో ఉన్నాయి. ఈ పరీక్షను ఎంతవరకు నమ్మాలి? పిల్లకు ఏం చెప్పాలి? మేము ఇవ్వాలా, వద్దా?"

తాతయ్యగారూ,

ముందు ఆ రాత్రి గ్రూపు వదిలి వెళ్ళిపోయిన అమ్మాయి సంగతి మాట్లాడుకుందాం. మిగతావి కాసేపు ఆగినా నష్టం లేదు.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. జన్యువుల పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ, క్లాసు అయిపోయి అందరూ వెళ్ళాక, ఎవరో ఒక అమ్మాయి బల్ల దగ్గర నిలబడిపోయేది. పుస్తకం అంచు మడుస్తూ, విప్పుతూ, చివరికి అడిగేది: "మేడమ్, మా అక్క తెల్లగా ఉంటుంది. ఇద్దరం ఒక అమ్మ కడుపునే పుట్టాం కదా, నేనెందుకు ఇలా ఉన్నాను?" పాఠంలో అనుమానం అడిగే గొంతు కాదది. ఇంట్లో ఎవరో ఏదో అని ఉంటారు. మీ మనవరాలి విషయం చదవగానే ఆ అమ్మాయిలందరూ కళ్ళ ముందు నిలిచారు. అందుకే నేను వాళ్ళకు చెప్పిన జవాబే మీకూ రాస్తున్నాను. దయచేసి ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని ఆ పిల్లకు చెప్పండి.

ఒంటి రంగును ఏ ఒక్క జన్యువో నిర్ణయించదు. చాలా జన్యువులు తలా ఒక చేయి వేస్తాయి. వాటిలో బాగా తెలిసినదాని పేరు ఎస్‌ఎల్‌సీ24ఏ5. ఒంటి మీద చారలు వెలిసి బంగారు ఛాయలో కనిపించే ఒక రకం జీబ్రా చేపను పరిశీలిస్తూ శాస్త్రవేత్తలు 2005లో దీని పని కనిపెట్టారు. మనుషుల్లో ఈ జన్యువులో ఒక్క అక్షరం మారితే రంగు పలచబడుతుంది. ఆ మార్పు యూరప్‌లో దాదాపు అందరిలోనూ ఉంది. మన దేశంలో ఉత్తరాన ఎక్కువ, దక్షిణాన కొంత తక్కువ, అంతే గాని దక్షిణాదికి కొత్త సరుకు కాదు. యూరప్ వాళ్ళలో ఉన్నదీ, మనలో ఉన్నదీ ఒకే పూర్వీకుడి నుంచి దిగి వచ్చిన మార్పేనని 2013లో వెలువడిన పరిశోధన చూపించింది. అందులో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలకూ భాగం ఉంది. ఒక్కో జన్యువు మనలో రెండు ప్రతులుగా ఉంటుంది. ఆ మార్పు తల్లికి ఒక ప్రతిలో, తండ్రికి ఒక ప్రతిలో ఉందనుకోండి. పిల్లల్లో ఒకరికి రెండూ రావచ్చు, ఒకరికి ఒకటి రావచ్చు, ఒకరికి ఏదీ రాకపోవచ్చు. ముగ్గురి తాతముత్తాతలూ ఒక్కరే. ముగ్గురికీ అందిన వంశం ఒక్కటే. కాబట్టి ఆ పిల్లకు "అందనిది" అంటూ ఏమీ లేదు. ఆ మాట అన్నవారు శాస్త్రం చెప్పలేదు, ఒక ఆడపిల్లను నలుగురిలో నొప్పించారు. ఇంటికి పెద్దవారు మీరు. ఆ మాట తప్పని అదే గ్రూపులో, అందరూ చూసేలా రాయవలసింది మీరే. "ఫలానా వారు అన్నది నాకు నచ్చలేదు. నా మనవరాళ్ళిద్దరూ నాకు సమానం. రంగు గురించి ఈ ఇంట్లో ఇక మాట రాకూడదు" అని రాస్తే సరిపోతుంది. ఈ విషయంలో పెద్దరికం చూపించడానికి మీరు సందేహించనక్కర్లేదు.

ఇప్పుడు ఆ శాతాల సంగతి.

బీరువాలో ఉన్న పెట్టె ఒకటి తెరిచి చూడండి. వేలెడంత ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. దాని మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత దాకా ఉమ్మి నింపాలి, పైన తేలే నురగ లెక్కలోకి రాదు. అరగంట ముందు నుంచీ ఏమీ తినకూడదు, తాగకూడదు. నిండాక మూత బిగించి, కాసేపు ఊపి, కవరులో పెట్టి పంపిస్తారు. మనం చేసేది ఇంతే. కొన్ని వారాలకు ఫోన్లోకి రంగురంగుల పటం వస్తుంది. ఆ పటం మీద రాసి ఉన్న అంకె ఎంత స్థిరంగా కనిపిస్తుందంటే, రక్తపోటో చక్కెరో కొలిచినట్టే ఇదీ ఎవరో కొలిచి చెప్పారని అనిపిస్తుంది. ఇబ్బంది అంతా అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే "మధ్య ఆసియా" అనే పదార్థం మన ఒంట్లో ఉండదు, కొలవడానికి.

ప్రయోగశాలలో జరిగేది వేరు. మనిషి డీఎన్‌ఏ సుమారు 300 కోట్ల అక్షరాల గ్రంథం. ఈ కంపెనీలు సాధారణంగా అందులో ఆరేడు లక్షల చోట్ల మాత్రమే చదువుతాయి. అచ్చు పుస్తకమే అయితే రెండు మూడు పేజీలకు ఒక్క అక్షరం చదివినట్టు. మనుషుల మధ్య తేడాలు తరచుగా కనిపించే చోట్లను ఏరుకుని చదువుతారు, అదీ నిజమే. తర్వాత ఆ అక్షరాల వరుసలను, కంపెనీ దగ్గర ముందే ఉన్న వేలమంది వరుసలతో పోల్చి చూస్తారు. ఆ వేలమంది ఎవరు? చచ్చిపోయిన పూర్వీకులు కారు. మా తాతలూ అమ్మమ్మలూ నలుగురూ ఫలానా చోటివాళ్ళేనని చెప్పిన, ఈనాడు బతికున్న మనుషులు. వాళ్ళను ఎన్ని అరల్లో సర్దాలి, ఏ అరకు ఏ పేరు పెట్టాలి అన్నది కంపెనీ నిర్ణయం. మీ మనవరాలి డీఎన్‌ఏలో కొన్ని ముక్కలు "మధ్య ఆసియా" అని పేరు పెట్టిన అరలోని మనుషుల ముక్కలను కాస్త ఎక్కువగా పోలి ఉన్నాయి. ఆ ఐదు శాతానికి ఉన్న అర్థం అంతవరకే. అక్కడి నుంచి మీ ఇంటికి ఎవరో గుర్రమెక్కి వచ్చారని దానికి అర్థం కాదు. ఆ ముక్క వాళ్ళకూ మీకూ మరింత పాత పూర్వీకుల నుంచి విడివిడిగా వచ్చి ఉండవచ్చు. ఇక్కడి నుంచి అటు వెళ్ళినదీ కావచ్చు.

మరి మన అరలో ఎవరున్నారు? ఇది వింటే మీరు ఆశ్చర్యపోతారు. మానవ జన్యువుల్లోని తేడాలకు ప్రపంచమంతా ప్రామాణికంగా వాడే ఉచిత భాండాగారం ఒకటి ఉంది, వెయ్యి జన్యుపటాల పథకం అంటారు. 2015లో పూర్తయిన దాని చివరి విడతలో 26 జనసమూహాల నుంచి 2,504 మంది ఉన్నారు. ఆ 26లో తెలుగువారు ఒక సమూహం. సంతోషించవలసిన మాటే. కానీ ఆ తెలుగువారు ఖమ్మంలోనో కాకినాడలోనో కర్నూలులోనో ఇచ్చిన నమూనాలు కావు. బ్రిటన్‌లో స్థిరపడిన 102 మంది తెలుగువారివి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షలు. ఇన్ని కోట్ల మందికి, ఇన్ని కులాలకు, చెంచులకు, కోయలకు, గోండులకు, కోస్తాకు, సీమకు, తెలంగాణకు కలిపి ఆ 102 మంది. కంపెనీలు తమ సొంత నమూనాలు కూడా పోగుచేసుకుంటాయి కాబట్టి వాటి లెక్క వేరుగా ఉంటుంది. కానీ కొనుక్కునేవాళ్ళు ఎక్కువగా అమెరికా, యూరప్ వాళ్ళు కాబట్టి అక్కడి అరలు సన్నగా, వివరంగా ఉంటాయి. మనవి వెడల్పుగా, మోటుగా ఉంటాయి.

అరలు మారితే అంకె మారుతుంది. 2019లో కెనడా సీబీసీ టెలివిజన్ వాళ్ళు ఒకే పోలికతో పుట్టిన కవల అక్కచెల్లెళ్ళ ఉమ్మిని ఐదు కంపెనీలకు పంపించారు. ఆ ఇద్దరి డీఎన్‌ఏ దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. అయినా ఐదు కంపెనీలూ ఐదు రకాల వంశాలు చెప్పాయి. అందులో ఒక కంపెనీ అయితే అక్కకు ఒక లెక్క, చెల్లెలికి ఒక లెక్క ఇచ్చింది. మీ అబ్బాయిని ఒక పని చేయమనండి. కొన్ని కంపెనీల సైట్లలో "ఎంత గట్టిగా చెప్పగలరు" అనే స్థాయిని పెంచి చూసుకునే వీలుంటుంది. దాన్ని తొంభై శాతానికి పెంచితే చిన్న చిన్న అంకెలు చాలావరకు కరిగి "దక్షిణాసియా" అనే పెద్ద అరలో కలిసిపోతాయి. ఆ పటాన్ని కూడా గ్రూపులో పెట్టమనండి.

మీ బావమరిదిగారు రాసిన వాక్యంలో "ఆ ముక్కు" అన్న మాట నన్ను చాలాసేపు ఆపేసింది. ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు గాని, ఆ మాట వెనక నూట ఇరవై ఏళ్ళ చరిత్ర ఉంది. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెచ్.హెచ్. రిస్లీ ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, వందతో హెచ్చించి ఒక అంకె తీసేవాడు. ముక్కు ఎంత సన్నమైతే కులం అంత పైది, అంత ఆర్యం అని సూత్రం కట్టాడు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ మన ఆంధ్ర జిల్లాలు కూడా కలిసి ఉన్న ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో పటకారు లాంటి కొలతల పరికరాలు పట్టుకుని తిరిగాడు. మనుషులను నిలబెట్టి తలలు, ముక్కులు కొలిచి, 1909లో దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. అప్పటి కొత్త యంత్రం ఆ పటకారు. ఇప్పటి యంత్రం ఉమ్మి గొట్టం. రెండింటికీ మధ్య శాస్త్రం ఎంతో ఎదిగింది, నేను కాదనను. పటకారు చెప్పింది వట్టి అబద్ధం. గొట్టంలో నిజం ఉంది. కానీ మన ఇళ్ళల్లో దాన్ని అడుగుతున్న ప్రశ్న మాత్రం ఇంకా రిస్లీ అడిగిన ప్రశ్నే: మేము పైవాళ్ళమా?

ఆర్య, ద్రావిడ అనేవి ఈనాటి శాస్త్రంలో భాషా కుటుంబాల పేర్లు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, దక్షిణాది భాషలు వేరే కుటుంబం అని మొదట రుజువులతో చూపించినవాడు మద్రాసు కలెక్టరు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్. 1816లో, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో. అంటే ద్రావిడ కుటుంబం మొదట బయటపడింది మన భాష వ్యాకరణం పుటల్లోనే. ఆ పేర్లను భాష మీంచి తీసి రక్తానికి, రక్తం మీంచి రంగుకు అతికించినది ఆ తర్వాతి కాలం.

ఇక శాస్త్రం నిజంగా ఏమి కనుక్కుందో చెబుతాను. ఇది నాకు ప్రాణమైన విషయం, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. 2009లో సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 25 జనసమూహాల డీఎన్‌ఏ పరిశీలించారు. వాళ్ళు చూసిన ప్రధాన భూభాగపు సమూహాల్లో దాదాపు అన్నీ రెండు పాత జనాల కలయిక వల్ల వచ్చినవే. పాళ్ళు మాత్రమే వేరు. పై కులమని చెప్పుకునేవారిలోనూ రెండూ ఉన్నాయి, అడవిలో ఉండేవారిలోనూ రెండూ ఉన్నాయి. కలవకుండా మిగిలిన "శుద్ధమైన" సమూహం అక్కడ దొరకలేదు. 2013లో 73 సమూహాలతో చేసిన మరో పరిశోధన ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ క్రితం దాకా జరిగిందని లెక్కగట్టింది. 1,900 ఏళ్ళ క్రితమంటే మన నేల మీద శాతవాహనుల రోజులు. అప్పటిదాకా అందరూ అందరితో కలిశారు. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. ఎవరి కులంలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకోవడం మొదలైంది. ఆ తర్వాత 2019లో వచ్చిన పరిశోధనలు ఆ పాత జనాలను మరింత విడదీసి చూపించాయి: ఈ ఉపఖండంలో ఎంతో కాలంగా వేటాడి బతికినవారు, ఇరాన్ వైపు వారితో దూరపు చుట్టరికం ఉన్నవారు, గడ్డిమైదానాల నుంచి పశువులతో వచ్చినవారు. మీ బావమరిదిగారిలోనూ, మీలోనూ, నాలోనూ, ఆయన చిన్నచూపు చూసే మనిషిలోనూ ఈ పాయలే వేరువేరు పాళ్ళలో ఉన్నాయి.

మూసుకున్న తలుపుల వెల ఎంతో కూడా అదే శాస్త్రం చూపించింది. మన తెలుగునాట ఆర్యవైశ్యుల్లో వందకు పైగా తరాల నుంచి బయటి సంబంధాలు దాదాపు లేవని 2009 పరిశోధన తేల్చింది. అంత కాలం ఒకే వలయంలో ఉండిపోతే మొదటి కొద్దిమంది పూర్వీకుల్లో ఉన్న అరుదైన లోపం కూడా తరతరాలకూ పెరుగుతూ పోతుంది. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును కరిగించే ఎంజైము ఆ సముదాయంలో కొంతమందికి లోపిస్తుంది. మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోవలసిన మందు వాళ్ళకు గంటల తరబడి దిగదు. తనంతట తాను ఊపిరి తీసుకోలేరు. ఈ సంగతి తెలిసిన మత్తుమందు డాక్టర్లు ముందే అడిగి, వేరే మందు వాడతారు. ఇలాంటి జబ్బుల వలయాలు మన దేశంలో ఇంకా ఎన్నో కులాల్లో ఉన్నాయి. కులం పేరు చెప్పి ఎవరినీ తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు, ప్రాణాలు కాపాడే కబురు కాబట్టి రాస్తున్నాను. డీఎన్‌ఏలో మన ఇళ్ళకు నిజంగా పనికొచ్చే వార్త ఇది. వంశంలో ఏదైనా జబ్బు తిరుగుతోందని మీకు అనుమానం ఉంటే, అది పుట్టినరోజు కానుకగా చేయించుకునే పరీక్ష కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. డాక్టరుతో మాట్లాడి, ఎందుకో తెలుసుకుని చేయించుకోవాలి.

మీ అమెరికా మనవరాలి ప్రశ్న చాలా తెలివైన ప్రశ్న. తప్పించకుండా జవాబు చెప్పండి. ఆ పిల్లకు ముందుగా చెప్పవలసింది, ఆ ఫారంలోని గడులు ఎన్నిసార్లు మారాయో. అమెరికా జనాభా లెక్కల్లో 1920 నుంచి 1940 వరకు మనవాళ్ళను "హిందూ" అనే జాతిగా రాశారు. ముస్లిమైనా, సిక్కు అయినా అదే మాట. 1970లో తెల్లవాళ్ళ లెక్కలో కలిపారు. 1980లో "ఏషియన్ ఇండియన్" అనే గడి వచ్చింది. ఈ అరవై ఏళ్ళలో మనవాళ్ళ ఉమ్మిలో ఒక్క అక్షరమూ మారలేదు, మారింది ఫారమే.

భగత్ సింగ్ థింద్ కథ కూడా చెప్పండి, పదమూడేళ్ళ పిల్లకు బాగా అర్థమవుతుంది. పంజాబు నుంచి వెళ్ళి, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పట్లో వలస వచ్చినవారిలో తెల్లవాళ్ళకూ, ఆఫ్రికా సంతతి వారికీ తప్ప పౌరసత్వం ఇచ్చే చట్టం లేదు. నేను అగ్రకులస్థుణ్ణి, ఆర్యుణ్ణి, పండితులు యూరప్ వాళ్ళతో కలిపి లెక్కగట్టే కాకసియన్ జాతివాణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణేనని ఆయన వాదించాడు. 1923లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పండితులు ఏమన్నా సరే, సామాన్యుడి కంటికి ఇతను తెల్లవాడు కాదు అన్నది. ఆ తీర్పు పట్టుకుని, అప్పటికే పౌరసత్వం వచ్చిన ఎందరో భారతీయుల నుంచి దాన్ని లాగేసుకున్నారు. మనవాళ్ళకు ఆ తలుపు చట్టప్రకారం తెరుచుకున్నది 1946లో. ఆర్యత్వం ఆ రోజు థింద్‌కు అక్కరకు రాలేదు. నూరేళ్ళ తర్వాత మన వాట్సాప్‌లో అదే మాట గొప్పగా చెప్పుకుంటున్నామంటే నాకు నిజంగా బాధగా ఉంది.

"ఏషియన్ అని టిక్కు పెట్టు తల్లీ, అందులో అబద్ధం లేదు. కానీ అది ప్రభుత్వం లెక్కలకు వాడుకునే గడి. నీ గురించి అదేమీ చెప్పదు" అనండి. చైనా పిల్లలు కాదన్నారంటే, ఆసియా ఎంత పెద్దదో పటం తీసి వాళ్ళతో కలిసి చూడమనండి. పిల్లలు కదా, చూస్తే వింటారు. ఇంకొకటి కూడా తనకు చెప్పవచ్చు: ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా డీఎన్‌ఏ అక్షరాలు వెయ్యికి 999 ఒక్కటే. మిగిలిన ఆ కాస్త తేడాలోనూ సుమారు 85 శాతం ఒకే సమూహంలోని మనిషికీ మనిషికీ మధ్య ఉన్నదేనని రిచర్డ్ లెవాంటిన్ 1972లోనే లెక్కవేశాడు. ఇంకో ఎనిమిది శాతం ఒకే జాతిలోని సమూహాల మధ్య ఉంది. జాతికీ జాతికీ మధ్య ఉన్నది ఆరేడు శాతమే.

మీ మూడో ప్రశ్నకు నా జవాబు సూటిగా ఉంటుంది. ఇవ్వకండి. అక్కయ్యగారి చేత కూడా ఇప్పించకండి.

కారణం చెబుతాను. ఆ గొట్టంలో ఉండేది మీ ఒక్కరిది కాదు. అందులో సగం మీ ఇద్దరు కొడుకులకూ ఉంది, పావు వంతు మనవరాళ్ళకూ ఉంది. వాళ్ళందరి తరఫునా మీరు సంతకం పెట్టినట్టవుతుంది. 2018లో కాలిఫోర్నియా పోలీసులు దశాబ్దాల నాటి హంతకుడిని పట్టుకున్నారు. అతను ఎక్కడా ఉమ్మి ఇవ్వలేదు. దూరపు చుట్టాలు సరదాగా సైట్లో పెట్టుకున్న డీఎన్‌ఏ ద్వారా వంశవృక్షం కట్టి అతని దాకా వచ్చారు. హంతకుడు దొరికినందుకు నేనూ సంతోషించాను. కానీ చుట్టాలిచ్చిన దానితో మనిషిని గుర్తించవచ్చని ఆ రోజు రుజువైంది. 2023లో ఈ రంగంలో అతి పెద్ద కంపెనీల్లో ఒకటైన 23అండ్‌మీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి పోయాయి. దొంగలు అమ్మకానికి ఏం పెట్టారో తెలుసా? మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల జాబితా, చైనా సంతతి వారి జాబితా. జాతి వారీగా మనుషుల పట్టికలు. ఇరవయ్యో శతాబ్దం చరిత్ర చదివినవారెవరికైనా ఒళ్ళు జలదరించే సంగతి ఇది. అదే కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, ఆ తర్వాత చేతులు మారింది. మారిన చేతులు మంచివే కావచ్చు. ఉమ్మి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ చేతులెవరివో ఎవరికీ తెలియదు.

మనవరాలి విషయంలో మీ అబ్బాయితో నెమ్మదిగా మాట్లాడండి. ప్రేమతో చేసిన పనే, తిట్టకండి. కానీ పదమూడేళ్ళ పిల్ల తన ఒంటి పుస్తకాన్ని కంపెనీకి ఇవ్వాలా వద్దా అని తేల్చుకోలేదు. ఫలితాన్ని దించుకుని దాచుకుని, కంపెనీ దగ్గరున్న సమాచారాన్ని చెరిపేయమని, నమూనాను పారేయమని ఖాతాలోంచి కోరవచ్చు. పద్దెనిమిది నిండాక కావాలంటే తనే చేయించుకుంటుంది.

మీ అబ్బాయికి అసలు కావలసింది ఏమిటో కూడా ఆలోచించండి. దూరదేశంలో పిల్లను పెంచుతున్నవాడు తన వాళ్ళెవరో చూపించాలని ఆరాటపడుతున్నాడు. ఆ ఆరాటానికి కంపెనీ ఒక పటం అమ్మింది. ఆ పటం ఇవ్వలేనిది మీ అక్కయ్యగారి దగ్గర ఉంది. పది తరాల వెనక్కి వెళితే ఒక్కొక్కరికి 1,024 మంది పూర్వీకుల స్థానాలు. వాళ్ళలో కొందరి డీఎన్‌ఏ ముక్క ఒక్కటి కూడా మన దాకా రాదు. ఇంటిపేరు ఆ 1,024లో ఒక్క మగవాడి వరుసనే పట్టుకుని వస్తుంది. ఆడవాళ్ళ పుట్టిళ్ళు రెండు తరాలకే మరుగున పడతాయి. మీ నాయనమ్మగారి అమ్మ పేరు మీకు తెలుసా? ఆవిడది ఏ ఊరో, ఏ ఇంటిపేరో? నాకు మా నాయనమ్మ తల్లి పేరు తెలియదు. అడగవలసిన మనుషులు ఉన్నప్పుడు నేను అడగలేదు.

మధిర మీకు ఎంతో దూరం కాదు. ఈ ఆదివారం పొద్దున్నే చిన్నబ్బాయి కూతురిని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఒక పెద్ద నోటుపుస్తకం కొనండి. అక్కయ్యగారు చెబుతుంటే ఆ పిల్లే రాస్తుంది: పేర్లు, పుట్టిళ్ళు, ఊళ్ళు, ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఎవరు కరువుకు ఊరు విడిచారు, ఎవరి వంటకు పేరు, ఎవరు పాట పాడేవారు. ఎవరి రంగు ఎలా ఉండేదని అడగవద్దు. నార్త్ కరోలినాలో అప్పటికి శనివారం రాత్రి అవుతుంది. అక్కడ పది దాటకముందే, అంటే మనకు ఉదయం ఏడున్నర లోపే ఫోను కలిపి అక్కయ్యగారి ఒడి పక్కన పెట్టండి. అక్కడి మనవరాలికి తెలుగులో అందని మాటలను ఇక్కడి మనవరాలు విడమరచి చెబుతుంది.